బేరి చెట్టు మీద దొరసాని

ల్యూడెన్‌షైట్,
19 జనవరి 1997, ఆదివారం.

ప్రియమైన హెరిబెర్ట్‌కు,

ఇక్కడ నేను క్షేమం. ఇల్లూ క్షేమమే, పైకప్పు మీద జానెడు మంచు పేరుకుంది గానీ చుక్క కూడా కారలేదు. కాసెల్‌లో మెక్‌టిల్డ్, అల్లుడు, పాప బాగున్నారని నిన్న సాయంత్రం ఫోనులో చెప్పారు. అక్కడ ఆసుపత్రిలో నీ చేతి నొప్పీ, నీ విసుగూ కాస్త తగ్గి ఉంటాయని తలుస్తాను.

నిన్ననే వచ్చి వెళ్ళిన మనిషి మళ్ళీ ఈ ఉత్తరమెందుకు రాస్తోందని అనుకుంటావు. నీ గదిలో నాలుగు మంచాలున్నాయి. కిటికీ పక్క మంచం మీది ట్రాము డ్రైవరు మనం నోరు విప్పగానే పత్రిక తిరగేయడం కూడా ఆపేస్తాడు. ఫోనులో చెబుదామా అంటే నీ ఎడమ చెవి సంగతి తెలిసిందే, వార్డంతా వినేలా అరవాలి. ఇది అరిచి చెప్పే విషయం కాదు. అందుకే ఉదయం చర్చి నుంచి వచ్చి, సూపు పొయ్యి మీద పెట్టి, బల్ల ముందు కూర్చున్నాను.

బుధవారం నువ్వు రాసిన ఉత్తరం అందింది. రోజుకో పేజీ ఎడమచేత్తో రాయమని నీకు పని పెట్టిన ఆ వ్యాయామాల అమ్మాయికి నా తరఫున దండం పెట్టు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నువ్వు నాకు రాసినవి రెండే కార్డులు, రెండూ ఉడుములు అమ్మే సంతల నుంచే. ఇప్పుడు ఆరు వారాల్లో పధ్నాలుగు ఉత్తరాలు. మొదట్లో అక్షరాలు కోడి కెలికినట్టుండేవి. ఇప్పుడు కళ్ళజోడు లేకుండానే చదువుతున్నాను.

అడిగినవాటికి ముందు జవాబులు. పొదిగే పెట్టెలో వేడి ఈ ఉదయం ఏడింటికి ఇరవై తొమ్మిదిన్నర, ఇప్పుడూ అంతే. మూత లోపల నీటి చుక్కలు మూలల్లో మాత్రమే పడుతున్నాయి. గుడ్ల మీద పడకుండా మూతను నువ్వు చెప్పినట్టే వాలుగా పెట్టాను. నీ ఉడుము దొరసాని తింటోందా అని అడిగావు. శుక్రవారం ఒక కోడిపిల్లను తింది. నేను చూడలేదు, మీ సంఘం ఎల్మార్ చూశాడు. మీ వర్క్‌షాపు యజమాని ఫోన్ చేసి నిన్ను అడిగానని చెప్పమన్నాడు, "తొందరేమీ లేదు" అన్నాడు. ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు. బాయిలర్లు బిగించే మనిషి కావాలంటే తొందర ఉండి తీరాలి కదా, ఈ చలిలో.

గుడ్లు ఎలా ఉన్నాయని అడిగావు. దానికి జవాబు కిందికి వచ్చాక రాస్తాను.

నవంబరు ఇరవైన జరిగిన దాని గురించి మనం ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. కరవడం వరకే గుర్తుందని నువ్వన్నావు. మిగతాది నా దగ్గరుంది. దొరసాని మట్టిపెట్టెలో గుడ్లు పెట్టి వాటి మీదే చుట్టుకుని పడుకుంది. గోనెసంచీ కప్పి దాన్ని పక్కకు జరుపుతానని నువ్వు లోపలికి వంగావు. నేను మెట్ల మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. సంచీ కదలడం చూశాను. మరుక్షణం నీ మణికట్టు దగ్గర దాని తల చూశాను. ఉడుంపట్టు అని ఊరికే అనరు. పట్టు వదలకుండా తలను అటూ ఇటూ విదిలించింది. నువ్వు అరవలేదు. ఆ అరవకపోవడమే నాకు ఇప్పటికీ కలలోకి వస్తోంది.

అది వదిలి పై కొమ్మ మీదికి ఎక్కేశాక నువ్వు నేల మీద కూలబడ్డావు. చేతిని ఛాతీకి అదుముకుని అన్న మొదటి మాట ఇది: "రోస్విథా, గుడ్లు. పైకున్న వైపు పైకే ఉండాలి. పెన్సిలుతో గుర్తు పెట్టు." నేను పైకి పరుగెత్తి అంబులెన్సుకు ఫోన్ చేసి, నీ చేతికి తువ్వాలు బిగించి కట్టాను. నువ్వు మళ్ళీ "గుడ్లు" అన్నావు. రెండు మీటర్ల పైచిలుకు జంతువు కొమ్మ మీంచి చూస్తుంటే నేను దాని గూట్లో చెయ్యి పెట్టాను. ఏడు గుడ్లు ఒక్కొక్కటే తీసి, గుర్తు పెట్టి, పొదిగే పెట్టెలో పేర్చాను. వాటి మీద పెన్సిలు గీతల కంటే నీ నెత్తుటి మరకలే బాగా కనబడతాయి. మోచెయ్యంత పిల్లగా తెచ్చి పన్నెండేళ్ళు పెంచావు, దానికి మగదాన్ని వెతికి అరువు తెచ్చావు, రెండుసార్లు గుడ్లు కుళ్ళిపోతే పారేశావు. అవి నీకు ఏమిటో నాకు తెలుసు. తెలియక కాదు నేను చేసింది.

మెక్‌టిల్డ్ క్రిస్మస్‌కు ఎందుకు రాలేదో నీకు సరిగా చెప్పలేదు. పాపకు జ్వరమని అబద్ధమాడాను. ఫోనులో అదన్న మాటలు ఇవి: "అమ్మా, ఆ జంతువు కింద ఉన్నంతకాలం పాపని ఆ ఇంటి గడప తొక్కనివ్వను. నాన్న చెయ్యి చూశాక కూడా దానికి నువ్వెలా ఎలకలు వేస్తున్నావు?"

"పటకారుతో వేస్తున్నాను," అన్నాను.

"నేనడిగింది అది కాదు," అంది.

ఆ మాటతోనే ఫోను పెట్టేసింది.

ఈ నెల ఎనిమిదిన, బుధవారం, నీ డాక్టరు నన్ను నడవాలోకి పిలిచాడు. చిటికెనవేలు తీసేశారు కదా, దాని పక్క వేలు కూడా ఇక వంగదని, పానా పట్టుకునే బలం ఆ చేతికి రాదని చెప్పాడు. నీకు సోమవారం తానే చెబుతానన్నాడు. అంటే ఆ మాట నాకు నీకంటే అయిదు రోజుల ముందు తెలిసింది. హాగెన్‌లో బండి మారడం కూడా మరిచిపోయి రెండు స్టేషన్లు ముందుకు వెళ్ళిపోయాను.

మర్నాడు గురువారం పొద్దున నీ ఉత్తరం వచ్చింది. అందులో తొమ్మిది ప్రశ్నలున్నాయి. దీపం మార్చావా, మట్టి తడిగా ఉందా, దొరసాని పక్కటెముకలు కనబడుతున్నాయా. అంతకు ముందు వారం నేను మెట్ల మీద మంచుకు జారి తుంటి కమిలిందని రాశాను. దాని గురించి ఒక్క ముక్క లేదు. నిష్ఠూరంగా రాయడం లేదు హెరిబెర్ట్. ఆ ఉదయం ఎలా ఉందో నీకు తెలియాలని రాస్తున్నాను.

పదకొండు కావొస్తుండగా నేను వంటింట్లో బంగాళదుంపలకు చెక్కు తీస్తున్నాను. బయట సున్నాకు పధ్నాలుగు డిగ్రీల కింద ఉంది. తోటవైపు నేలమాళిగ తలుపు తెరిచి ఉంది. లోపల దొరసాని గది జాలీ తలుపూ తెరిచి ఉంది. ఈ రెండు ముక్కలూ ఇక్కడికి ఇంతే రాస్తాను. చదువుతూ పో.

తల ఎత్తి చూస్తే కిటికీలోంచి పక్కింటి క్నాప్‌స్టైన్ ముసలావిడ కనిపించింది. చేతికర్ర పట్టుకుని, కంచె వెంట, మన తోటవైపే వస్తోంది. ఎనభై ఒక్కేళ్ళ మనిషి ప్రతిరోజూ పదకొండింటికి పిట్టలకు గింజలు వేయడానికి అటు నడుస్తుందన్న సంగతి ఆ క్షణం దాకా నాకు గుర్తే లేదు. కత్తి గిన్నెలో పడేసి, ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరుగెత్తాను.

మంచులో దొరసాని జాడ ఉంది. రెండు వైపులా గోళ్ళ గుర్తులు, నడుమ తోక ఈడ్చిన గీత. ముందు తిన్నగా పోయింది, తర్వాత వంకర తిరిగింది, తర్వాత అడుగుకోసారి ఆగినట్టుంది. బేరి చెట్టు మొదట్లో జాడ ఆగిపోయింది. చెట్ల మీద పుట్టిన జాతి కదా, ఎక్కడానికి చెట్టొకటి కనబడితే ఎక్కింది. ముసలావిడ తలకంటే కొంచెం పైన, కాండాన్ని కావలించుకుని, కదలకుండా ఉంది. తోక కిందికి వేలాడుతోంది. ముసలావిడ దాని కింద నిలబడి తల పైకెత్తి చూస్తోంది.

"రోస్విథా, మీ చెట్టుకి అదేంటి ఆరేశావు?" అంది.

ఆవిడ రెండు కళ్ళకూ శుక్లాలని నీకు తెలుసు.

"తివాచీనా?"

"అవును, తివాచీనే," అన్నాను.

"మంచులో దులపడానికా? మంచిదే. మా అమ్మా అట్లానే దులిపేది. కానీ చెట్టుకెందుకే, నేలమీద పరవాలి గానీ."

"పరుస్తాను. మీరు లోపలికి పదండి క్నాప్‌స్టైన్ గారూ, జారతారు."

"జారితే నువ్వున్నావుగా ఎత్తడానికి. నలుపు మీద పసుపు చుక్కలు. ఎక్కడ కొన్నావిది?"

"హెరిబెర్ట్ తెచ్చాడు."

"అతనికి ఇట్లాంటివాటిల్లో ఎప్పుడూ తెలివి లేదులే," అని సంచీలో చెయ్యి పెట్టి గింజలు తీసింది. దాని తోక కొనకు జానెడు దూరంలో చెయ్యి ఆడించి గింజలు చల్లింది. నేను ఆవిడకూ చెట్టుకూ మధ్య దూరి నిలబడ్డాను. నా వీపుకి తోక తగులుతోంది. చెక్కలా ఉంది. ఆవిడ ఎంతో నింపాదిగా సంచీ మూతి ముడివేసి, "కోటైనా వేసుకోకుండా వచ్చావు, పో పో," అని నన్ను చీవాట్లు పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. వాళ్ళింటి తలుపు మూసుకున్న చప్పుడు విన్నాక గానీ నేను అక్కణ్ణించి కదల్లేదు.

అప్పుడు తిరిగి దాన్ని చూశాను. ఇంకో పావుగంట అలాగే వదిలేస్తే అయిపోయేది. పక్కలు ఎంతసేపటికోసారి కదులుతున్నాయి. గుడ్లు పెట్టిన పొట్ట ఖాళీ సంచీలా ముడతలు పడి ఉంది, తుంటి ఎముకలు పొడుచుకొచ్చాయి. కన్ను తెరిచే ఉంది. ఆ కంటిలో నన్ను చూస్తున్నట్టు ఏమీ లేదు. నేను దానిమీద జాలిపడ్డానని రాస్తే అది అబద్ధం. చెట్టు మీద ఒక ప్రాణి గోళ్ళు దిగేసి పట్టుకుని ఉంది, నేను కింద నిలబడి అది పడిపోవడం కోసం చూస్తున్నాను. నన్ను నేను అలా చూసుకున్నాను. అంతే.

షెడ్డులోంచి నిచ్చెన, మేకు మీంచి నీ పాత తోలు కోటు తెచ్చాను. గోళ్ళు ఒక్కొక్కటే ఊడదీయాలి. ఒక కాలు విడిపించి రెండోదానికి వెళ్ళేసరికి మొదటిది మళ్ళీ పట్టుకునేది, బతకాలన్న తెలివితో కాదు, కండరాలు వాటంతటవే ముడుచుకుని. చివరికి కోటుతో చుట్టి భుజం మీద వేసుకుని దిగాను. దాని తల నా చెంప పక్కన ఉంది. పెదవి సగం తెరుచుకుని పళ్ళు కనబడుతున్నాయి. ఆ పళ్ళు నీ చేతిలో ఏం చేశాయో నాకంటే బాగా ఎవరికి తెలుసు? మెట్లెక్కుతుంటే నా ఒంటి వేడికో ఏమో ముందరి కాలు ముడుచుకుని గోళ్ళు నా ముంజేతిలో దిగాయి. ఆ శనివారం నువ్వు నా చేతి కట్టు చూసి అడిగితే పొయ్యి తగిలి కాలిందన్నాను. కాలిన గాయం కాదది.

నేలమాళిగలో వేడి ఏమీ మిగల్లేదు. అందుకని దాన్ని మన స్నానాల గదికి మోసుకెళ్ళి తొట్టిలో దించి, ఎల్మార్‌కు ఫోన్ చేశాను. నీ ఉడుముల సంఘంలో నేను నమ్మే మనిషి అతనొక్కడే.

"ఎల్మార్, ఉడుము చలికి కట్టె అయిపోతే ఏం చెయ్యాలి?"

"ఎందుకడుగుతున్నావు?"

"అయిపోయింది."

"దీపం కింద పెట్టొద్దు, పొయ్యి దగ్గర పెట్టొద్దు. గోరువెచ్చని నీళ్ళు, చంటిపిల్లకి పోసేదానికన్నా తక్కువ వేడి. మెల్లమెల్లగా పెంచు. తల నీళ్ళల్లో మునగకూడదు, గడ్డం కింద చెయ్యి పెట్టి పట్టుకో. నేను బయల్దేరుతున్నా."

"ఎంతసేపు పడుతుంది?"

"డార్ట్‌మండ్ నుంచి ఈ మంచులో గంటన్నర. రోస్విథా, ఒకటి విను. అది వెచ్చబడేకొద్దీ దానికి ఒంట్లోకి ఓపిక వస్తుంది. నాలిక బయటపెడితే జాగ్రత్తపడు. బుసకొడితే చెయ్యి తీసెయ్యి, మునిగినా సరే."

తొట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఎడమచెయ్యి దాని గడ్డం కింద, కుడిచెయ్యి కొళాయి మీద. కమిలిన తుంటి మంటెత్తుతోంది. దాని తల బరువు నా అరచేతిలో ఉంది. పన్నెండేళ్ళలో దాన్ని నేను ముట్టుకోవడం అదే మొదలు. చర్మం చిన్న చిన్న పూసలు కుట్టిన గుడ్డలా ఉంటుందని నాకు తెలియదు, నువ్వెప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. గంట కొట్టే గడియారం హాల్లో పన్నెండు కొట్టింది. నీళ్ళు పెంచాను. పన్నెండున్నరకు పక్కలు వేగంగా ఆడడం మొదలుపెట్టాయి. ప్రాణం దానికి తిరిగొస్తున్నకొద్దీ నాకు పోతోంది. చెయ్యి తీస్తే మునుగుతుంది, ఉంచితే ఏ క్షణాన పట్టుకుంటుందో తెలియదు. ఇక్కడే, ఈ రెండింటి మధ్యే ఉన్నాను, గంటసేపు.

ఊరికే ఉండలేక మాట్లాడాను దానితో. ఏం మాట్లాడానో చెప్పనా? డాక్టరు అన్నది చెప్పాను. నీకింకా తెలియని మాట దానికి చెప్పాను. "ఆయన ఇక పానా పట్టలేడట, విన్నావా," అన్నాను. ఒంటిగంటకు నాలిక బయటికొచ్చింది. పొడుగ్గా, చీలి, చల్లగా నా మణికట్టు మీద రాసుకుని లోపలికి పోయింది. మళ్ళీ వచ్చింది. ఎల్మార్ చెప్పింది గుర్తుంది. కానీ తల ఇంకా తనంతట నిలబడడం లేదు. చెయ్యి తీయలేదు.

ఒంటిగంట దాటాక మెట్ల మీద ఎల్మార్ అడుగులు వినిపించాయి. గుమ్మంలో ఆగి చూశాడు.

"చెయ్యి తియ్యి రోస్విథా. మెల్లగా. కిందికి, వెనక్కి."

"రావట్లేదు," అన్నాను. నిజంగానే రాలేదు, వేళ్ళు కొయ్యబారిపోయాయి. అతను వెనకనుంచి వంగి దాని మెడ పట్టుకుని, రెండో చేత్తో నా చెయ్యి పట్టి లాగాడు. అప్పుడు బుసకొట్టింది. గదంతా బుస. అతను తడి తువ్వాలు తల మీద వేసి, చుట్టి, ఎత్తుకున్నాడు.

"కరవలేదు," అన్నాను, ఎందుకో తెలియకుండానే.

"నీమీద దయతలిచిందనుకోకు. దానికి ఒంట్లో చాలడంలేదు, అంతే," అన్నాడు.

నేను నవ్వాను, తర్వాత ఏడ్చాను. అతను ఆ ఏడుపు అయ్యేదాకా దాన్ని చంకలో పెట్టుకునే నిలబడ్డాడు.

తర్వాత కిందికి వెళ్ళి చూసి వచ్చి, చేతులు కడుక్కుంటూ నావైపు చూడకుండా అన్నాడు: "నేలమాళిగ తలుపు చూశాను. గొళ్ళెం చలికి బిగుసుకుని జారిందని రాయి. హెరిబెర్ట్ నమ్ముతాడు. అవసరమైతే నేనూ చెప్తాను."

నువ్వు నమ్మవు. ఆ గొళ్ళెం బిగించింది నువ్వు, అది జారదు. జారిందని రాస్తే వచ్చిన మొదటి రోజే నువ్వు కిందికెళ్ళి ఎడమచేత్తో దాన్ని విప్పి, తప్పెక్కడుందో అని వెతుకుతావు. నువ్వు చెయ్యని తప్పు నీ పనిలో వెతకనివ్వలేను.

తలుపులు నేనే తీశాను, హెరిబెర్ట్.

ఆ పొద్దున నేలమాళిగలో నేల కడగడానికి దిగాను. ఏడు వారాలుగా కడుగుతున్నా పలకల సందుల్లో నీ నెత్తురు పోవడం లేదు. బ్రష్షు పక్కన పెట్టి, ముందు జాలీ తలుపు తీశాను, పై గడియ, కింది గడియ. అది కొమ్మ మీద దీపం కింద ఉంది, కదల్లేదు. తర్వాత తోటవైపు తలుపు తీసి, మూసుకుపోకుండా ఇటుక పెట్టాను. ఇటుక సంగతి ఎల్మార్‌కు కూడా చెప్పలేదు. తర్వాత దీపం ఆర్పాను. వెలుతురు బయటినుంచే రావాలని. పైకొచ్చి వంటింటి తలుపు వేసుకుని బంగాళదుంపలు ముందు పెట్టుకున్నాను. కోపంలో చేశానని రాస్తే తేలికైపోతుంది. కోపం లేదు. చాలా నెమ్మదిగా, గుడ్డలు మడతపెట్టినట్టు చేశాను. చంపేది చలి, నేను కాదు అనుకున్నాను. చేతులు కడుక్కుని కూర్చున్నాను.

పక్కింటావిడ కిటికీలో కనబడకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు. ఆవిడకు ఏమైనా అయ్యుంటే ఏమిటన్నది మాత్రం పది రోజులుగా తెల్లవారగానే మొదట వచ్చే ఆలోచన.

ఇక గుడ్లు. అవి అదే గదిలో, అలమర మీద ఉన్నాయన్నది ఆ ఉదయం నాకు తట్టనే లేదు. నువ్వు నమ్మకపోవచ్చు. ఎల్మార్ కిందికెళ్ళినప్పుడే నాకు స్ఫురించి వెనకే దిగాను. ఆ చిన్న పెట్టె తన శక్తికొద్దీ వేడి చేస్తూనే ఉంది, పాపం, కానీ ముల్లు ఇరవై ఒకటి దగ్గర ఉంది. రెండు గంటలకు పైనే అలా ఉండి ఉంటుంది. మొన్న శుక్రవారం ఎల్మార్ మళ్ళీ వచ్చి, గది చీకటి చేసి, గుడ్లను కదపకుండా టార్చి పెట్టి చూశాడు. రెండింటిలో నరాలేమీ కనబడలేదు, పసుపురంగు, అంతే. బయటికి తీశాడు. ఒకదాన్ని కోస్తానని, నన్ను పైకి వెళ్ళమన్నాడు. వెళ్ళలేదు. వేలి కణుపంత ఉంది. తోక చుట్టుకుని ఉంది. కళ్ళు ఏర్పడ్డాయి. ఇది నీకు ఎల్మార్ నోట వినిపించడం న్యాయం కాదని నేనే రాస్తున్నాను.

మిగతా అయిదింటిలో ఎర్రటి నరాలు కనబడ్డాయి. అవి బతికే ఉన్నాయి. చివరిదాకా బతుకుతాయో లేదో చెప్పలేనన్నాడు.

దొరసాని ఆ గురువారం నుంచీ ఎల్మార్ ఇంట్లో ఉంది. ఊపిరితిత్తుల్లో జలుబు చేరి వారం రోజులు సూదిమందు వేశాడు. పధ్నాలుగో తారీఖు ఉత్తరంలో రెండు ఎలుకలు తిన్నదని నేను రాసింది అబద్ధం, అప్పటికి అది నోరే తెరవలేదు. శుక్రవారం కోడిపిల్లను తిన్నది మాత్రం నిజం. గండం గడిచిందని ఎల్మార్ అన్నాడు.

నీకు నామీద కోపం రావాలి. వస్తుంది. రెండు మాటలు మాత్రం చెప్పాలి. అది మళ్ళీ ఈ ఇంటికి రాదు. ఎల్మార్ ఉంచుకుంటానన్నాడు, నువ్వు ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళి చూడొచ్చు, అక్కడే ఉండిపోవాలన్నా ఉండొచ్చు. నేను ఆపను. కానీ నేనున్న కప్పు కింద అది ఉంటే, ఏదో ఒక చలిరోజున నా చెయ్యి మళ్ళీ ఆ గడియ మీదికి పోదని నీకు మాటివ్వలేను. నాకు మాటివ్వలేను. రెండోది, ఆ అయిదు గుడ్లు నేను చూసుకుంటాను. ఎండాకాలం దాకా, అవి పగిలేదాకా, పొద్దున ఏడింటికీ రాత్రి పడుకోబోయే ముందూ ముల్లు చూస్తాను. అవి నీవని చూడడం లేదు. నేను చల్లార్చినవి, నేనే వెచ్చగా ఉంచాలి. పగిలాక ఎవరికిస్తావో నీ ఇష్టం.

సూపు అడుగంటింది, వాసన వస్తోంది. ఉత్తరం రేపు ఉదయం పోస్టులో వేస్తాను, బుధవారానికల్లా నీ చేతికి అందుతుంది. మళ్ళీ చదువుకోవడానికి నీకు రెండు రోజులుంటాయి. శనివారం ఎప్పటిలాగే పదీ నలభై బండికి వస్తాను. పైకి రాను. కింద, పూలమ్మే కొట్టు ఎదురుగా బెంచీలున్నాయి కదా, అక్కడ కూర్చుంటాను. నన్ను చూడాలని ఉంటే లిఫ్టు దిగి రా. లేకపోతే నర్సు చేత కబురు కూడా పంపవద్దు, కబుర్లు నాకు అక్కరలేదు. నా తిరుగు బండి నాలుగున్నరకు. అందాకా కూర్చునే ఉంటాను.

ఇట్లు,
నీ ఇంటిది, నీ తలుపులు తీసినదీ,
రోస్విథా